రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ల సేల్స్ ఉద్యోగం: చేరవచ్చా?

నాయుడుపేట వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను బీకాం పూర్తిచేసి చెన్నైలో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్‌లోని ఒక కంప్యూటర్ల దుకాణంలో తక్కువ జీతం, పైన ఇన్సెంటివ్ అంటున్నారు. ఒక పెద్ద షోరూములో ఒకే బ్రాండు లాప్‌టాప్‌లు అమ్మే ప్రమోటర్ ఉద్యోగానికి జీతం మెరుగ్గా ఉంది. ఈ వ్యాపారంలోనే తల నెరిసిన మా మేనమామ, తనకు ఇప్పటికీ మిగిలిన స్నేహితులందరూ ఆ వీధిలో దొరికినవారేనని చెబుతుంటారు. పక్కపక్కనే దుకాణాలు పెట్టుకుని ఒకే గిరాకీ కోసం పోటీపడేవారికి అంత స్నేహం ఎలా కుదురుతుంది? నాకు తమిళం అంతంతమాత్రమే.

పాత డీలర్, పెరంబూరు

మీ మేనమామగారు చెప్పింది నిజమే బాబూ. 1995లో విండోస్ 95 విడుదలైన రోజుల్లో నేను అక్కడ చేరాను. ఏ దుకాణంలోనూ అన్ని సరుకులూ ఉండవు కనుక, గిరాకీ అడిగిన హార్డ్ డిస్కు మన దగ్గర లేకపోతే కుర్రవాడు ఎదుటి కొట్టుకు పరుగెత్తి, చీటీ మీద సంతకం పెట్టి తెచ్చేవాడు. రాత్రి షట్టర్ దించేలోగా డబ్బయినా సరుకయినా తిరిగి చేరాలి. రెండుసార్లు మాట తప్పినవాడికి మూడోసారి ఆ వీధిలో చీటీ పుట్టేది కాదు. ఇప్పుడు చీటీ స్థానంలో వాట్సాప్ వచ్చింది, అంతే. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న వారమంతా నా కౌంటర్‌లో కూర్చుని, నా బిల్లు పుస్తకంలోనే బిల్లులు రాసినాయన నాకు అసలైన పోటీదారు. ఇద్దరం ఇప్పటికీ ధర దగ్గర గీచి గీచి బేరమాడుకుంటాం, ఆ సంగతి వేరు.

కార్పొరేట్ సేల్స్, గిండీ

పెద్దలు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను: చీటీ సరుకు వేరు, నెలల తరబడి ఉద్దెర వేరు. రెండోది నేను చూసిన మంచి స్నేహాలను కూడా చెడగొట్టింది.

ఉద్యోగం విషయానికి వస్తే, నేనైతే వీధినే ఎంచుకుంటాను. షోరూములో ఒక్క బ్రాండు గుణగణాలే వల్లెవేయాలి. పైగా ప్రమోటర్లను చాలాచోట్ల బ్రాండు కాక మ్యాన్‌పవర్ ఏజెన్సీ నియమిస్తుంది. వీధిలో సరుకు తెలుస్తుంది. డీడీఆర్4 తరం ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) ఆ తరువాతి తరమైన డీడీఆర్5 స్లాటులో దిగదని, కొన్ని పలుచని లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉండి పెంచడానికి వీలుండదని చేతితో పట్టుకుంటేనే గుర్తుంటుంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు తగిన ప్రాసెసర్ కూడా కావాలి. ఆఫీసులోని పాత యంత్రాలలో ఏవి పనికొస్తాయో, ఏవి మార్చాలో నిజాయితీగా విడదీసి చెప్పగలిగినవాడినే కంపెనీలు మళ్ళీ పిలుస్తాయి.

చేరేముందు ఇన్సెంటివ్ బిల్లు వేసినప్పుడు ఇస్తారా, డబ్బు వసూలయ్యాక ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. జీతం నెలకు 21,000 రూపాయలు దాటకపోతే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) సంగతి కూడా అడగండి.

నాయుడుపేట వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇన్సెంటివ్ వసూలయ్యాకే ఇస్తారట, రాసి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మరి తమిళం?

పాత డీలర్, పెరంబూరు

ధరలు, అంకెలు, వారంటీ మాటలు ముందు నేర్చుకోండి, మిగతాది కౌంటరే నేర్పుతుంది. నెల్లూరు, తిరుపతి డీలర్లు సరుకు కోసం వచ్చినప్పుడు యజమాని మిమ్మల్నే ముందుకు పంపిస్తాడు.