కొత్త కారు, పొద్దున్నే వెలిగే గాలి లైటు

కావలి మామ:
కారు కొని నలభై రోజులైంది. సంక్రాంతి ముందు నుంచి ఒక పేచీ పట్టుకుంది. పొద్దున ఆరింటికి స్టార్ట్ చేస్తే మీటర్లో పసుపు లైటు. గుర్రపు నాడా లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. నెల్లూరు వైపు హైవే ఎక్కి అరగంట నడిపితే దానంతటదే ఆరిపోతుంది. మర్నాడు పొద్దున మళ్లీ ప్రత్యక్షం. అంకెలేం చూపించదు, ఒట్టి లైటే. షోరూమోళ్లని అడిగితే "కొత్త బండి గదా సార్, చలికి అట్టా చూపిస్తది" అన్నారు. కావలిలో చలేంది సామీ? బంకులో రెండు సార్లు గాలి 33 పాయింట్లు (పీఎస్‌ఐ) పెట్టించా, అయినా అదే కత. మా అమ్మయితే పూజ రోజు ఒక టైరు కింద నిమ్మకాయ చితకకుండా జారిపోయిందనీ, అందుకే ఇట్టా అయిందనీ నాలుగు రోజులుగా అదే పాట.

పెన్నా గట్టు:
మామా, నిమ్మకాయ సంగతి తర్వాత. గాలి పట్టించింది ఎప్పుడు? ఇంటి దగ్గర పొద్దున్నేనా, నెల్లూరొచ్చాకా?

కావలి మామ:
నెల్లూరొచ్చాకే. రెండు సార్లూ మధ్యాహ్నం.

పెన్నా గట్టు:
సగం అక్కడే దొరికింది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద స్టిక్కరుంటుంది చూడు. అందులో రాసిన 33 చల్లగా ఉన్న టైరుకి. అంటే కనీసం మూడు గంటలు కదలకుండా నిలబడ్డ బండికి. కావలి నుంచి నెల్లూరు దాకా హైవే మీద వచ్చావంటే టైరు వేడెక్కి లోపల మూడు నాలుగు పాయింట్లు పెరిగి ఉంటది. ఆ వేడి మీద 33 పెట్టించావు, తెల్లారేసరికి అది 29 అయి కూర్చుంది. ఐదారు డిగ్రీల వేడి తగ్గితే ఒక పాయింటు తగ్గుద్ది, అంతే లెక్క. టైరుకి మంచు పడక్కర్లా. మధ్యాహ్నానికీ తెల్లారుజాముకీ తేడా ఉంటే చాలు.

ఇంకోటి కూడా చెప్తా. ఎండాకాలం రోహిణి కార్తెలో దీనికి తిరగేసి చేస్తారు మనోళ్లు. ఎండలో తిరిగొచ్చిన టైరులో 38 చూసి భయపడి గాలి వదిలేస్తారు. వదలకూడదు. ఆ పెరిగేదంతా లెక్కేసే స్టిక్కరు మీద అంకె రాశారు.

చీమకుర్తి రాయి:
గట్టు అన్న చెప్పింది నిజమే గానీ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాలా. 29కి లైటు వెలగడం కష్టం. అమెరికాలో రూలు ప్రకారం చెప్పిన గాలిలో 25 శాతం తగ్గేలోపు లైటు వెలగాలి. 33కి ఆ లెక్కేస్తే దాదాపు 25. బండిని బట్టి అటూ ఇటూ ఉంటది, కానీ నాలుగు పాయింట్లకే కేక పెట్టే బండి నేను చూళ్లా. మామా, నాలుగింట్లో ఏదో ఒకటి దొంగతనంగా గాలి వదులుతోంది. మిగతా మూడూ మంచివే.

నా అనుభవం విను, నవ్వొస్తే నవ్వు. మా ఊళ్లో గ్రానైట్ లారీలు పోయే రోడ్డు మీద రాతి ముక్కలకి కరువు లేదు. లైటు వెలిగితే "సెన్సారు గోల" అనుకుని నాలుగు రోజులు తిప్పా. ఐదో రోజు టంగుటూరు దాటాక స్టీరింగు ఎడమకి లాగడం మొదలైంది. దిగి చూస్తే టైరు పక్క గోడ పొట్టు పొట్టుగా రాలిపోయి ఉండాది. లోపల గోరంత రాతి ముక్క. మొదటి రోజే ప్లగ్గు వేయించి ఉంటే నూట యాభైతో పోయేది. గోడ చెడితే పంచరుకి పనికిరాదుగా, కొత్త టైరు కొన్నా. ఆ రోజు ఇంట్లో విన్న మాటలు ఇక్కడ రాయను.

ఒంగోలు గిత్త:
ఇక్కడ ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ లైట్లు రెండు రకాలు. ఒక రకానికి చక్రం లోపల వాల్వుకి సెన్సారుంటది, అది గాలిని నేరుగా కొలిచి చెప్పుద్ది. రెండో రకానికి సెన్సారే ఉండదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కోసం చక్రం తిరుగుడు లెక్కపెట్టే యంత్రముంటది గదా, దాంతోనే పసిగడతది. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై మిగతా వాటికన్నా ఎక్కువ చుట్లు తిరుగుద్ది, అదీ గుర్తు. నాలుగూ సమానంగా తగ్గితే దానికి తెలియకపోవచ్చు. ఆ రకంలో గాలి సరిచేశాక రీసెట్ నొక్కి నేర్పించాలి.

మా బావ బండి ఆ రకం. ఆయన ఏం చేసేవాడో తెలుసా? పొద్దున లైటు వెలిగితే రీసెట్ నొక్కేవాడు. గాలి మాత్రం చూసేవాడు కాదు. తగ్గిన గాలినే "ఇదే సరైంది" అని బండికి పాఠం చెప్పినట్టు. అల్లుడికి మర్యాద తక్కువ కాకుండా చెప్పేసరికి నా పని అయింది.

మామా, మీది దానంతటదే ఆరుతోందంటే సెన్సార్ల రకమే అనిపిస్తోంది.

బంకు బాబాయ్:
నైట్రోజన్ పట్టించు, అసలు ఈ గొడవే ఉండదు.

పెన్నా గట్టు:
బాబాయ్, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి అదీ ఇట్టాగే పెరుగుద్ది, చలికి ఇట్టాగే తగ్గుద్ది. ఊరికే ఇస్తే పట్టించుకో, డబ్బిచ్చి మాత్రం వద్దు.

టంగుటూరు టీచరమ్మ:
మావారు స్కూలు దగ్గర దింపేటప్పుడు పట్టించుకోకపోతే నేనే పన్నెండు వోల్టుల పంపు కొన్నాను. కార్లో లైటరు సాకెట్‌కి పెడితే చాలు, ఐదు నిమిషాల పని. గేజీ కూడా అందులోనే ఉంటుంది. ముఖ్యంగా పొద్దున్నే ఇంటి ముందే చూసుకోవచ్చు, వేడి చల్లదనం గొడవ లేదు.

కావలి మామ గారూ, స్టార్ట్ చేసినప్పుడు లైటు ఒక నిమిషం పాటు మిణుకుమిణుకుమని తర్వాత నిలబడిందా, లేక మొదటి నుంచీ నిలకడగా ఉందా? చాలా బళ్లలో మిణుకు మిణుకంటే సెన్సార్లోనే లోపం. నిలకడగా ఉంటే గాలి తక్కువ. పంచరు షాపుకి వెళ్తే లోపల సెన్సారుందని ముందే చెప్పండి. వాల్వు పక్కన ఇనప రాడ్డు పెట్టి పెకిలిస్తే విరిగిపోతుంది. దాని బ్యాటరీ విడిగా మార్చేది కాదు, అయిపోతే సెన్సారే మార్చాలి. ఐదు నుంచి పదేళ్లు వస్తుందంటారు.

కావలి మామ:
నిలకడగానే ఉండాది మేడం. ఈ రోజు పొద్దున ఎదురింటి పంపు తెచ్చి కదలకముందే చూశా. 30, 30, 29. ఎడమ వెనకది 24! రాయన్న నెగ్గాడు, గట్టన్న కూడా నెగ్గాడు. ఇప్పుడు పంచరు షాపుకి పోతన్నా.

కావలి మామ:
మేకూ లేదు, రాయీ లేదు. టైరు ఊడదీయకుండానే ముందు సబ్బు నురగ పూసి చూడమన్నా. వాల్వు నోట్లోంచి బుడగలు, మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి. లోపలి పిన్ను సరిగా బిగించలేదంట, దాని రబ్బరు కూడా కాస్త నలిగింది. కొత్త పిన్ను వేశాడు. ముప్పై రూపాయలు. మూత కూడా లేదు, అదీ పెట్టాడు. మర్నాడు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నాలుగింటికీ 33 పెట్టా. ఇవాళ్టికి ఆరు రోజులు, లైటు లేదు.

షోరూమోళ్లకి ఫోన్ చేసి చెప్తే "అవునా సార్" అన్నారు, అంతే. నలభై రోజులుగా ఆ వాల్వుకి మూతే లేదని నేనూ చూడలేదు, కాబట్టి ఎక్కువ మాట్లాడలా.

కానీ ఒక చిక్కొచ్చింది. నిమ్మకాయ జారిపోయింది ఎడమ వెనక టైరు కిందేనంట. అమ్మ ఇప్పుడు వీధంతా చెప్తోంది.

చీమకుర్తి రాయి:
ఇక నీ మాట ఎవరూ నమ్మరు. స్టెప్నీలో ఎంతుందో చూశావా?

కావలి మామ:
చూళ్లా. డిక్కీ నిండా అరిసెల డబ్బాలు.