ఇంటర్ హాస్టల్లో పాప మాట తగ్గిపోయింది. తెచ్చేయాలా, ఉంచాలా?

పలాస నాన్న
అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె, జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా పాప పదో తరగతిలో జడ్పీ హైస్కూల్ ఫస్టు వచ్చింది. విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించాం. మొదట్లో ఆదివారం ఫోను చేస్తే పక్క మంచం పిల్ల గురించి, మెస్సులో పులిహోర గురించి గలగలా చెప్పేది. దసరా ముందు షఫ్లింగ్‌లో, అంటే మార్కులను బట్టి సెక్షన్లు మార్చేటప్పుడు, టాప్ సెక్షన్ నుంచి కింద సెక్షన్‌కి పంపేశారు, రూమూ మార్చేశారు. అప్పట్నుంచి "ఊఁ", "తిన్నాను", "తలనొప్పి" తప్ప మాట లేదు. మొన్న మాత్రం "నాన్నా, ఇక్కడ నేనున్నా లేకపోయినా ఎవరికీ తెలీదు" అంది. పక్కనే వార్డెన్ ఉంటుంది కాబట్టి ఇంకేం అడగలేకపోయాను. మా బావమరిది "ఫీజు కట్టేశాం, నాలుగు రోజులైతే అదే సర్దుకుంటుంది" అంటున్నాడు. నాకైతే నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు?

ఫిజిక్స్ మేడం
అన్నగారూ, నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. ఆ మాట విన్నాక వచ్చే ఆదివారం దాకా ఆగకండి. ఈ రాత్రే రైలెక్కండి. పాపను బయటికి తీసుకెళ్లి కడుపునిండా తినిపించండి. మార్కుల ఊసెత్తొద్దు. మెస్సులో ఎవరి పక్కన కూర్చుంటున్నావు, రాత్రి నిద్ర పడుతోందా, ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెబుతున్నావు, ఇవి అడగండి. ఆ తర్వాత సూటిగానే "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా తల్లీ?" అని అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగినవాళ్లున్నారని పిల్లకు ఊపిరాడుతుంది. అవునంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి, వెంట తెచ్చేసుకుని వెంటనే సైకియాట్రిస్టుకు చూపించండి. అక్కణ్నుంచే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన హెల్ప్‌లైను. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇక షఫ్లింగ్ సంగతి. దీని మీద నాకు చాలా కోపం ఉంది. ఇల్లు వదిలొచ్చిన పదహారేళ్ల పిల్లకు హాస్టల్లో అయినవాళ్లంటే పక్క మంచం పిల్లే. వారం పరీక్షలో కాసిని మార్కులు తగ్గాయని ఆ పిల్లనే దూరం చేస్తే ఇంక చదువెక్కడ ఎక్కుతుంది? విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పిచ్చింది. మార్కులను బట్టి బ్యాచులు విడదీయొద్దని, నలుగురిలో అవమానించొద్దని చెప్పింది. 100 మందికి తక్కువ కాకుండా పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. ప్రిన్సిపాల్ దగ్గర కూర్చుని ఈ తీర్పు సంగతి ఎత్తండి. "మీ కౌన్సెలర్ ఎవరు, మా పాపతో ఎప్పుడు మాట్లాడతారు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి.

బీటెక్ తమ్ముడు
అంకుల్, నేనూ అలాంటి హాస్టల్లోనే చదివాను. నన్నూ ఇలాగే కిందకి దించారు. మా నాన్న వచ్చి సెక్షన్ జోలికి పోకుండా పాత రూము మాత్రం ఇప్పించాడు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక నలుగురం ఒక డబ్బా చుట్టూ చేరి ఇంటి నుంచి వచ్చిన జంతికలు తినేవాళ్లం. అది మళ్లీ దొరికింది, నేను నిలబడ్డాను. ముందు పాత రూము అడగండి.

టెక్కలి అమ్మ
రూము మారితే చాలదు బాబూ, పిల్ల అంత మాట అందంటే ఇంకా లోతుగా చూడాలి. మా అబ్బాయిని ఫస్టియర్ మధ్యలోనే ఇంటికి తెచ్చేశాం. ఊళ్లో ఏమనుకుంటారోనని మా ఆయన మథనపడ్డారు. సంక్రాంతి వెళ్లేసరికి అడిగేవాడే లేడు. సెకండియర్ ఇక్కడే ప్రభుత్వ కాలేజీలో చదివాడు. అన్నగారూ, కట్టిన ఫీజు చూసి పిల్లను అక్కడ ఉంచొద్దు. ఆ డబ్బు పోతే పోయింది.

పలాస నాన్న
వెళ్లొచ్చానండీ. పాపను కూడా తీసుకొచ్చాను, ఇప్పుడు ఇంట్లోనే ఉంది. మేడం చెప్పినట్టు సూటిగానే అడిగాను. చావు ఆలోచన లేదంది. కానీ కొత్త రూములో ఎవరూ పలకరించరట, మెస్సుకి ఒక్కతే వెళ్లాలంటే సిగ్గేసి పూటలు మానేసిందట. 14416కి నేను ఫోన్ కలిపి ఇచ్చాను. గది తలుపేసుకుని తనే చాలాసేపు మాట్లాడింది. డాక్టరుకి కూడా చూపించమన్నారట, సోమవారం శ్రీకాకుళం వెళ్తున్నాం. పాత రూము ఇస్తామని ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. కౌన్సెలర్ సంగతి అడిగితే "చూస్తాం" అన్నారు, నాకది నచ్చలేదు. వెళ్లాలా వద్దా అన్నది పాపకే వదిలేశాం, తొందరేం లేదన్నాను. ఒకవేళ వద్దంటే ఫస్టియర్ పరీక్షలు రాసి సెకండియర్‌కి టెక్కలి మారాలంటే ఇంటర్ బోర్డు అనుమతికి దరఖాస్తు ఏ కాలేజీ నుంచి పెట్టాలి మేడం, పాతదా, కొత్తదా?