మాడ్రిడ్ నుంచి ఒంటరిగా ఒక రోజు: రైలు, భోజనం, సముద్రం

ప్రశ్న: నడకరి

ఉద్యోగరీత్యా జూన్‌లో కొన్ని వారాలు మాడ్రిడ్‌లో ఉండబోతున్నాను. మధ్యలో ఒక రోజు సెలవు దొరుకుతుంది. గురువారమైనా, శనివారమైనా నా ఇష్టమే. పొద్దున్నే రైలెక్కి ఏదైనా సముద్రతీర నగరానికి వెళ్ళి, తీరిగ్గా భోజనం చేసి, ఒడ్డున కాసేపు కూర్చుని రాత్రికి తిరిగి రావాలని ఉంది. చూడవలసిన స్థలాల పట్టీ చేతపట్టుకుని పరుగులు తీసే ఉద్దేశం లేదు. బార్సిలోనా, వాలెన్సియాలలో ఏది మేలు? ఒక్కడినే కూర్చుని భోజనం చేయడానికి ఇబ్బంది ఉంటుందా? కోడి, చేప తింటాను. గొడ్డుమాంసం, పందిమాంసం తినను. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: తూరియా తోట

వాలెన్సియాకే వెళ్ళండి, అదీ గురువారం వెళ్ళండి. బార్సిలోనాకు వేగపు రైలులో కూడా ఒకవైపు రెండున్నర గంటలు పడుతుంది. వాలెన్సియాకు రెండు గంటల లోపే చేరుకోవచ్చు. గురువారం అనడానికి కారణం మీ భోజనమే. పాయెయా అనే ఇక్కడి అన్నపు వంటకాన్ని వెడల్పాటి పెనంలో అప్పటికప్పుడు వండుతారు కాబట్టి చాలా భోజనశాలలు కనీసం ఇద్దరుంటేనే వండుతామంటాయి. అయితే పనిదినాల్లో మధ్యాహ్నం ‘మెనూ దెల్ దియా’ అనే నిర్ణీత ధర భోజనం ఉంటుంది: మొదట ఒక వంటకం, ఆపైన ఇంకొకటి, రొట్టె, పానీయం, చివర తీపి గానీ కాఫీ గానీ. వాలెన్సియాలో ఆ వంటకాల్లో ఒకటి తరచూ ఆ రోజు వండిన అన్నమే అవుతుంది. ఒంటరివారికి ఇంతకు మించిన మార్గం లేదు. శని, ఆదివారాల్లో ఈ భోజనం చాలాచోట్ల దొరకదు, దొరికినా ధర ఎక్కువ.

అసలైన వాలెన్సియా పాయెయాలో కోడి, కుందేలు, వెడల్పాటి పచ్చి చిక్కుళ్ళు, గారఫో అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, కుంకుమపువ్వు ఉంటాయి, పందిమాంసం ఉండదు. కుందేలు వద్దనుకుంటే చేపల రసంలో వండిన అన్నాన్ని అడగండి. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి: క్రోకెతాలు అనే వేయించిన ఉండల్లో చాలావరకు హామోన్ అనే ఉప్పు పట్టించిన పందిమాంసం ముక్కలుంటాయి, ‘అర్రోస్ అల్ ఓర్నో’ అనే పొయ్యి అన్నంలో పందిమాంసం తప్పనిసరి. పెనం అడుగున అంటుకున్న అన్నాన్ని ఇక్కడ సొకర్రాత్ అంటారు. మన ఇళ్ళలో గిన్నె అడుగు మాడు కోసం పోటీపడినట్లే ఇక్కడివారూ దాని కోసం పోటీపడతారు, కాబట్టి వదిలిపెట్టకండి.

మధ్యాహ్నం రెండుకు ముందు భోజనానికి కూర్చుంటే పక్క బల్లలు ఖాళీగా కనిపిస్తాయి. నాలుగు దాటితే చాలా వంటగదులు మూసేస్తారు. అందువల్ల రోజంతటినీ ఆ రెండు గంటల చుట్టూ అమర్చుకోండి. ఉదయం పూట, 1928లో తెరిచిన మెర్కాదో సెంత్రాల్ అనే బజారుకు వెళ్ళి, గోపురం కింద పళ్ళ, చేపల వరుసల మధ్య తిరగండి. ఆదివారం అది మూసి ఉంటుంది. అక్కడి నుంచి సెర్రానోస్ కోటద్వారం దాకా నడిచి వంతెన దాటితే కింద నీళ్ళకు బదులు తోట కనిపిస్తుంది, ఎందుకంటే 1957 వరదల తరువాత తూరియా నదిని ఊరి బయటకు మళ్ళించారు. వంతెన అవతల పోంత్ దె ఫుస్తాలో 4వ నంబరు ట్రామ్ ఎక్కితే సముద్రం దగ్గర దిగుతారు. భోజనం అక్కడికి దగ్గరలోని కబన్యాల్ అనే పేట వీధుల్లో చేయండి. ఒడ్డునే ఉన్న పెద్ద హోటళ్ళలో మీరు చెల్లించేది ఎక్కువగా ఆ దృశ్యానికే అని నా అభిప్రాయం.

సమాధానం: పట్టాలబాట

పైవారు చెప్పినదానికి రైళ్ళ సంగతి కలుపుతాను. వాలెన్సియా రైళ్ళలో కొన్ని మాడ్రిడ్‌లోని ఆతోచా స్టేషను నుంచి, కొన్ని చామార్తిన్ స్టేషను నుంచి బయలుదేరతాయి కాబట్టి టికెట్టు మీద స్టేషను పేరు చూసుకోండి. ప్రభుత్వ రైలు సంస్థ రెన్ఫేతో పాటు ఊయీగో, ఇర్యో సంస్థలు కూడా ఈ మార్గంలో నడుపుతున్నాయి; ముందుగా కొంటే ధర బాగా తగ్గుతుంది. వేగపు రైళ్ళకు సామాను తనిఖీ ఉంటుంది, బయలుదేరడానికి కొద్ది నిమిషాల ముందే ద్వారం మూసేస్తారు. మన దగ్గరలా కదిలే బండి వెంట పరుగెత్తే వీలు ఉండదు.

మీరు దిగేది హోఆకిన్ సొరోల్యా స్టేషనులో. అక్కడికి నడక దూరంలోనే 1917లో ప్రారంభమైన ఎస్తాసియో దెల్ నోర్త్ అనే స్టేషను ఉంది. రైలు పని లేకపోయినా లోపలికి వెళ్ళండి: గోడల మీద నారింజ పళ్ళ పింగాణీ అలంకారాలు, టికెట్ల మందిరంలో అనేక భాషల్లో శుభప్రయాణ వాక్యాలు కనిపిస్తాయి.

నిజానికి నేనైతే బజారును వదిలేసి ఆ స్టేషను నుంచే గాందియా అనే ఊరి వైపు వెళ్ళే సీ-1 స్థానిక రైలు ఎక్కుతాను. అది సుఎకా మీదుగా వరిపొలాల మధ్య నుంచి, తరువాత నారింజ తోటల పక్క నుంచి సాగుతుంది. జూన్‌లో పచ్చని పైరు నీటిలో నిలిచి ఉంటుంది. గోదావరి జిల్లాల వారికి కిటికీ పక్కన కూర్చోవడమే ఒక సరదా.

సమాధానం: సీతమ్మధార

గాందియా ఆలోచన బాగున్నా, ఒకే రోజులో రానూపోనూ రెండు మార్గాలంటే అడిగినవారి తీరిక అక్కడే పోతుంది. నా ఓటు ట్రామ్‌కే.

విశాఖలో పెరిగినవారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఇదీ తూర్పు తీరమే, సూర్యుడు ఊరి వెనక అస్తమిస్తాడు. అందువల్ల సాయంత్రం సముద్రం వైపు కూర్చుంటే ఎండ కంట్లో పడదు, నీటి మీద వెలుగు మాత్రం చాలాసేపు నిలుస్తుంది. మీరు దిగే స్టేషనుకు పేరిచ్చిన చిత్రకారుడు సొరోల్యా ఈ మాల్వారోసా ఒడ్డునే పడవలను, పిల్లలను చిత్రించాడు.

భోజనం కాగానే నీళ్ళలోకి దిగకండి. ఒడ్డున ఎగిరే జెండా ఎరుపైతే ఎప్పుడూ దిగకండి.

నడకరి

అందరికీ కృతజ్ఞతలు. గురువారమే ఖాయం చేస్తున్నాను. రెండు సందేహాలు: స్నానానికి దిగితే సంచి ఎక్కడ పెట్టాలి? ఓర్చాతా అనే పానీయంలో పాలు ఉంటాయా? నాకు పాలు పడవు.

తూరియా తోట

సంచిని స్టేషను లాకరులో ఉంచి, కొద్దిపాటి డబ్బు, ఒక కార్డు, ఫోను నీరు చొరని సంచిలో మెడకు వేసుకుని దిగండి. పాస్‌పోర్టు ఇసుక మీద వదలవద్దు.

ఓర్చాతాలో పాలు ఉండవు. అది మన తుంగ జాతికే చెందిన చూఫా మొక్క దుంపలను నానబెట్టి, రుబ్బి, వడగట్టి, చక్కెర కలిపి చల్లబరిచే పానీయం. ఆ దుంపలు పండేది పక్కనే ఉన్న ఆల్బొరాయా పొలాల్లో, కాబట్టి సీసాలో అమ్మేది కాకుండా ఆ రోజు చేసినది అడిగి తాగండి. దానిలో ముంచుకుని తినే ఫార్తోన్ అనే పొడవాటి తీపి రొట్టెలో మాత్రం కొన్నిచోట్ల పాలు కలుపుతారు, అడిగి తీసుకోండి.