బాల్కన్ సాంస్కృతిక యాత్ర: మొదట్నుంచి చివరిదాకా ఒకే గ్రూప్ టూరా, ఊరికో స్థానిక గైడా?

సింధు_కూకట్‌పల్లి:
మే నెలలో అమ్మానాన్నలకి (ఇద్దరూ 60 దాటారు, శాకాహారులు) బాల్కన్ దేశాలు చూపిద్దామనుకుంటున్నాను. ఒక టూర్ కంపెనీ 12 రోజుల ప్లాన్ ఇచ్చింది: తిరానా, బెరాత్ (అల్బేనియా), ఓహ్రిద్, స్కోప్యే (ఉత్తర మాసిడోనియా), ప్రిజ్రెన్ (కొసావో), అక్కడి నుంచి బెల్‌గ్రేడ్ (సెర్బియా), మోస్తార్, సరయేవో (బోస్నియా), కొటోర్ (మాంటెనెగ్రో). అంతటికీ ఒకే టూర్ మేనేజర్. ముగ్గురికీ షెంగెన్ (చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) మల్టిపుల్ ఎంట్రీ వీసాలున్నాయి. దీనికే డబ్బు కట్టేయాలా, లేక హోటళ్లు మనమే చూసుకుని ఊరూరా గైడ్‌ని పెట్టుకోవడం నయమా?

శాసనాల_శేషు:
కట్టొద్దండి. ఆ "ఒకే మేనేజర్" దగ్గరే ఈ ప్లాన్ దెబ్బతింటుంది. వంద కిలోమీటర్లు దాటితే భాష, మతం, చరిత్ర చెప్పే తీరు మారిపోయే ప్రాంతమిది. అల్బేనియా 1967లో మతాన్నే నిషేధించింది. కొండ దాటి ఓహ్రిద్ వస్తే వీధివీధికీ పాత చర్చి. ఈ రెండూ లోతుగా తెలిసిన మనిషి ఒక్కరే దొరకడం కష్టం.

ఓహ్రిద్‌లో పెరివ్లెప్తోస్ చర్చి ఉంది. 1295 నాటి కుడ్యచిత్రాలు, గీసినవాళ్లు మిఖాయిల్, యుటికియోస్. తమ పేర్లని గోడమీద విడిగా రాసుకోలేదు, యోధ సాధువుల కత్తిమీదా దుస్తులమీదా బొమ్మలో భాగంగా కలిపేశారు. స్థానిక గైడ్ మిమ్మల్ని సరిగ్గా ఆ స్తంభం ముందు నిలబెట్టి టార్చ్ వేయకుండానే అది చూపిస్తారు (లోపల ఫ్లాష్ వాడనివ్వరు). బస్సు గ్రూప్ అయితే ఆ చర్చిలో పది నిమిషాలుండి సరస్సు పడవ ఎక్కేస్తుంది. చూడాల్సింది చూడకుండా వెనక్కి రావడం నాకు నిజంగా బాధనిపిస్తుంది.

రావు_స్టుట్‌గార్ట్:
శేషుగారూ, చిత్రాల మాట ఒప్పుకుంటాను. కానీ ప్రయాణం చేసేది అరవై దాటిన ఇద్దరు. తిరానాలో అన్ని ఊళ్లకీ కలిపి ఒకే బస్టాండ్ లేదు, దిక్కుని బట్టి బస్సు ఎక్కే చోటు మారుతుంది. ఫుర్గోన్ అనే చిన్న వ్యాన్లు నిండితేనే కదులుతాయి. ఓహ్రిద్‌కి నేరుగా వెళ్లే బస్సులు రోజుకి కొన్నే, ఒకటి తప్పితే ఆ పూట పోయినట్టే.

అద్దె కారు తీసుకుందామంటే దేశం దాటడానికి కంపెనీ రాతపూర్వక అనుమతి, గ్రీన్ కార్డ్ (వేరే దేశాల్లో చెల్లే వాహన బీమా పత్రం) ఉండాలి. ఆ గ్రీన్ కార్డ్ కొసావోలో చెల్లదు, సరిహద్దులో విడిగా బీమా కొనాలి. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలితే ఆ రుసుము అద్దెని మించిపోవచ్చు. గ్రూప్ టూర్ అయితే ఈ తలనొప్పులేవీ ఉండవు. పెద్దవాళ్లకి నా ఓటు గ్రూప్‌కే.

మాధవి_వీసాడెస్క్:
మీరిద్దరూ వాదించుకునే ముందు ఆ ప్లాన్ వరస ఒకసారి చూడండి. ప్రిజ్రెన్ నుంచి నేరుగా బెల్‌గ్రేడ్ అంటున్నారు. ఉత్తర మాసిడోనియా వైపు నుంచి కొసావోలోకి వెళ్లి, అక్కడి నుంచి సెర్బియాలోకి దిగబోతే ఆపేస్తారు. కొసావో 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నా సెర్బియా దాన్ని తన భూభాగంగానే లెక్కేస్తుంది. అంటే మీరు సెర్బియా ఎంట్రీ ముద్ర లేకుండా "లోపలికి" వచ్చినట్టు. సెర్బియా నుంచి కొసావో వెళ్లి మళ్లీ సెర్బియాకే వస్తే ఇబ్బంది లేదు. లేదా కొసావో తర్వాత మూడో దేశంలోకి వెళ్లి, అక్కడి నుంచి సెర్బియాలోకి వెళ్లొచ్చు. అప్పుడు కొసావో ముద్ర మీద రద్దు ముద్ర వేసే అవకాశం ఉంటుంది, అంతే. ఈ ఒక్క విషయం తెలియని కంపెనీకి పన్నెండు రోజులు అప్పగించొద్దు.

భారత పాస్‌పోర్ట్ మీద, వాడుకలో ఉన్న షెంగెన్ మల్టిపుల్ ఎంట్రీ వీసాతో: ఉత్తర మాసిడోనియా, కొసావో 15 రోజుల వరకు, బోస్నియా, మాంటెనెగ్రో 30 రోజుల వరకు, అల్బేనియా, సెర్బియా 90 రోజుల వరకు. అల్బేనియాకి ఆ వీసాని అప్పటికే ఒకసారి షెంగెన్‌లో వాడి ఉండాలి. మొదటి మజిలీ తిరానా అనుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. టికెట్ కొనేముందు ఆయా దేశాల విదేశాంగ శాఖ సైట్లలో మరోసారి సరిచూసుకోండి, ఈ నియమాలు మారుతుంటాయి.

ఇంకోటి. భారత్ కొసావోని గుర్తించలేదు కాబట్టి అక్కడ మన ఎంబసీ లేదు. పాస్‌పోర్ట్ పోతే పక్క దేశానికి దాటడమే పెద్ద సమస్య. ఒరిజినల్స్ ఒకరి దగ్గరే పెట్టొద్దు.

శాసనాల_శేషు:
మాధవిగారు చెప్పినట్టు వరస మార్చాలంటే బెల్‌గ్రేడ్ తీసేయడమే మేలు. రావుగారి రవాణా సమస్యకి గ్రూప్ ఒక్కటే మందు కాదు. దేశం దాటే రోజులకి మాత్రం డ్రైవర్‌తో కారు మాట్లాడుకోవచ్చు, సామాను గుమ్మం దగ్గర ఎక్కించి గుమ్మం దగ్గర దించుతారు. నలభై మంది బస్సులో అందరి పాస్‌పోర్టులూ చూసేదాకా కూర్చోవాలి, అదీ రెండు వైపులా.

రావు_స్టుట్‌గార్ట్:
సరే, కారు ఒప్పుకున్నా. కానీ స్థానిక గైడ్ అంటే స్థానిక పక్షం కూడా. దెచాని మఠం (కొసావోలోనే ఉన్న మధ్యయుగపు సెర్బియన్ క్రైస్తవ మఠం) గురించి ప్రిజ్రెన్‌లోని అల్బేనియన్ గైడ్ చెప్పేదీ, మఠంలోని సెర్బియన్ సన్యాసి చెప్పేదీ వేరు. మోస్తార్‌లో నది ఏ ఒడ్డువాళ్లు చెబుతున్నారన్నదాన్ని బట్టి 1990లలో జరిగిన బోస్నియా యుద్ధం కథ మారుతుంది. ఏ పక్షానికీ చెందని బయటి మేనేజర్ ఉంటే వినేవాళ్లకి గందరగోళం ఉండదు.

శాసనాల_శేషు:
అక్కడే మనకి కుదరదు రావుగారూ. బయటి మేనేజర్ రెండు కథల్నీ నున్నగా చేసి ఒకటే చెబుతారు. ఆ రెండూ విడివిడిగా, ఎవరి నోట వాళ్లదిగా వినడమే అక్కడికి వెళ్లే ప్రయోజనం.

దెచానినే తీసుకోండి. 1327లో మొదలై 1335లో పూర్తయింది. దక్షిణ ద్వారం పైన శాసనం ఉంది, కట్టించిన మేస్త్రీ పేరు అందులోనే చెక్కారు: కొటోర్ నుంచి వచ్చిన విత, ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఒక కేథలిక్ సన్యాసి ఆర్థడాక్స్ (తూర్పు క్రైస్తవ శాఖ) రాజుకి కట్టిన గుడి! అందుకే బయట రంగురంగుల పాలరాతి పట్టీలు అడ్రియాటిక్ తీరపు చర్చిల్లా ఉంటాయి, లోపలికి అడుగుపెడితే గోడ నిండా బైజాంటైన్ చిత్రాలు. సెర్బియాని ఏలిన నేమానిచ్ రాజవంశ వృక్షం కూడా ఉంది. ఆ శాసనం కింద నిలబడితే "ఇది మాది, అది వాళ్లది" అన్న మాట దానంతటదే పలచబడుతుంది. అందుకే చెబుతున్నా, ఈ యాత్రలో కొటోర్, దెచాని రెండూ ఉండి తీరాలి.

దెచాని దగ్గర కేఫోర్ (కొసావోలోని నాటో శాంతిదళం) సైనికుల చెక్‌పోస్ట్‌లో పాస్‌పోర్ట్ చూపించాలి. మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి. వేళలు ముందురోజే కనుక్కోండి.

పద్మజ_వంటిల్లు:
భోజనం సంగతి ఎవరూ రాయలేదేం! ఉత్తర మాసిడోనియా, మాంటెనెగ్రో, సెర్బియాలలో "పోస్నో" అని అడగండి. ఆర్థడాక్స్ ఉపవాస వంట: మాంసం, పాలు, గుడ్లు ఉండవు, కానీ చేప ఉండొచ్చు, అది విడిగా వద్దని చెప్పాలి. మాసిడోనియాలో తావ్చే గ్రావ్చే, మట్టిపాత్రలో కాల్చిన చిక్కుడు గింజల కూర, అన్నంతో బాగానే దిగుతుంది. పొగబెట్టిన మాంసం వేశారేమో ఒక్కసారి అడగండి.

అల్బేనియాలో బ్యురెక్ అంటే పాలకూరదో జున్నుదో దొరుకుతుంది. అదే ధైర్యంతో సరయేవోలో బురెక్ అడిగితే మాంసమే వస్తుంది. అక్కడ జున్నుకి సిర్నిత్సా, ఆకుకూరకి జెల్యానిత్సా, బంగాళాదుంపకి క్రోంపిరుషా అనాలి. కందిపొడి, ఆవకాయ డబ్బా ఎలాగూ పెట్టుకుంటారు.

సింధు_కూకట్‌పల్లి:
అందరికీ ధన్యవాదాలు. బెల్‌గ్రేడ్ తీసేశా. కొత్త వరస: తిరానా 2 రాత్రులు, బెరాత్ 1, ఓహ్రిద్ 3, ప్రిజ్రెన్ 2 (దెచాని ఇక్కడి నుంచే), కొటోర్ 2, మోస్తార్ 1, సరయేవో 2, అక్కడి నుంచి విమానం. స్కోప్యే మదర్ థెరిసా పుట్టిన ఊరని అమ్మ అడుగుతోంది, ఓహ్రిద్ నుంచి ప్రిజ్రెన్ వెళ్లే దారిలో మెమోరియల్ హౌస్ చూసి వెళ్తాం. గైడ్‌లు ఓహ్రిద్, ప్రిజ్రెన్, మోస్తార్, సరయేవోలో. ఇంకేమైనా?

రావు_స్టుట్‌గార్ట్:
ఇంకా ఎక్కువే. ప్రిజ్రెన్ నుంచి కొటోర్ ఒక రోజంతా పడుతుంది. అల్బేనియా మీదుగా వెళ్లి ష్కోద్రలో ఒక రాత్రి ఆగండి, ఆ రాత్రిని ఓహ్రిద్‌లోంచి తీయండి. బెరాత్ కోట దాకా టాక్సీలోనే వెళ్లండి. ఆ రాళ్లు అరిగి నున్నబడ్డాయి, దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. మోస్తార్ వంతెన రాయి కూడా అంతే, రబ్బరు సోల్ బూట్లు తప్పనిసరి.

శాసనాల_శేషు:
ఓహ్రిద్‌లోంచి తీయొద్దు, తిరానా ఒక రాత్రి చాలు.

మాధవి_వీసాడెస్క్:
రాత్రి ఎక్కడ తీసినా పర్లేదు, ఇవి మాత్రం ఈ వారమే చూడండి. మీ షెంగెన్ వీసాకి తీసుకున్న బీమా షెంగెన్ దేశాలకే పరిమితమైతే ఈ అయిదు దేశాల్లో ఎక్కడా పనికిరాదు, ఎందుకంటే ఒక్కటీ షెంగెన్‌లో లేదు. పాలసీలో దేశాల పేర్లు, ముఖ్యంగా కొసావో, రాసి ఉన్నాయో లేదో చదవండి. యూరప్ సిమ్ ప్యాక్‌లకీ ఇదే తేడా ఉంటుంది. డబ్బు విషయానికొస్తే కొసావో, మాంటెనెగ్రోలో యూరోలే. బోస్నియా మార్క్ యూరోకి 1.95583 చొప్పున స్థిరం. అల్బేనియా లెక్‌లు, ఉత్తర మాసిడోనియా దెనార్‌లు ఆ దేశం దాటేలోపే ఖర్చుపెట్టేయండి, బయట మార్చుకోవడం కష్టం.