కట్టని ఇంటికి గ్రీన్ మార్కులా?

మూడో అంతస్తు: హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ బ్రోచర్ చూశాను. ఇంకా పునాదులే తవ్వుతున్నారు, అప్పుడే దాని మీద 'గ్రీన్ ప్రీసర్టిఫైడ్' అని ముద్ర. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! కట్టకముందే మార్కులెలా వేస్తారండీ?

స్కేలు పెన్సిలు: అది తుది సర్టిఫికెట్ కాదండీ, డిజైన్ చూసి ఇచ్చేది. కట్టాక మళ్లీ పత్రాలన్నీ పెడితేనే అసలు రేటింగ్. కానీ ఈ దశలో లెక్క చూడకపోతే ఇంకెప్పుడు చూస్తారు? పడమటి గోడ నిండా కిటికీలు పెట్టి కట్టేశాక కర్టెన్లు వేసుకోవడమే మిగులుతుంది.

ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహితలో ఆర్‌ఈటీవీ అని ఒక లెక్క ఉంది. గోడలు, కిటికీల గుండా చదరపు మీటరుకు సగటున ఎంత వేడి లోపలికొస్తుందో చెబుతుంది. మన వాతావరణానికి 15 వాట్లు దాటకూడదు. మొన్న ఒక ప్లాన్‌కి వేస్తే 18 వచ్చింది. పడమటి కిటికీలు ఆరడుగుల నుంచి నాలుగుకి తగ్గించి, రెండడుగుల సన్‌షేడ్ ఇచ్చి, గోడలు వేడిని తక్కువగా పంపే తేలిక కాంక్రీటు ఏఏసీ బ్లాకులకి మారిస్తే 14కి దిగింది. ఓనరుకి పైసా అదనపు ఖర్చు లేదు, ఎలివేషన్ పాడైందని కాస్త అలిగారంతే.

మెయింటెనెన్స్ మామ: కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి బాబూ. నేను చూసుకునే ఆఫీసు బిల్డింగ్‌లో డ్రాయింగ్‌లో ఒక గాజు, రేటెక్కువని బిగించింది ఇంకోటి. లెక్కలో ఏసీ 24, మావాళ్లు పెట్టేది 20. లాబీలో గ్రీన్ రేటింగ్ ప్లేటు మాత్రం తళతళా మెరుస్తోంది. రెండేళ్ల కరెంటు బిల్లులు చూశాక ఇవ్వండి మార్కులు.

స్కేలు పెన్సిలు: బిల్లులు చూడాల్సిందే, కాదనను. కానీ బిల్లు చూసి ఇంటిని తిప్పలేం కదా! వాస్తుకైతే మొదటి గీత గీయకముందే పిలుస్తాం. కొండాపూర్‌లో సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం చూడండి, 2004లో ప్రారంభమైంది. మధ్యలో గుండ్రటి ఆవరణ, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి పంపే విండ్ టవర్లు. ఇవన్నీ తర్వాత తగిలించేవి కావు.

మెయింటెనెన్స్ మామ: సరే, ముద్రకి బదులు ఆ 14ని బ్రోచర్లో వేయమనండి. తేడా వస్తే నిలదీయడానికైనా ఉంటుంది.

మూడో అంతస్తు: ఇప్పుడే సేల్స్ అబ్బాయికి ఫోన్ చేసి ఆర్‌ఈటీవీ ఎంత అని అడిగాను. "అన్ని ట్యాక్సులూ కలిపే చెప్పాం సార్" అన్నాడు.