జీవమున్న తీగెలా, జీవ పట్టిన తీగెలా?

ప్రశ్న: రష్యాలోని నోవ్‌గరోద్ తవ్వకాల్లో దొరికిన గూస్లీ అనే తీగెవాద్యపు నమూనాల మీద, మధ్యయుగపు స్లావుల బతుకును తలచుకొంటూ ఇప్పటివారు కూర్చిన కొత్త సంగీతాన్ని నిన్న విన్నప్పటినుంచీ, 1185 నాటి ఇగోరు రాజు దండయాత్రను చెప్పే పాత రష్యన్ గాథలో బొయాన్ అనే గాయకుడి గురించిన వాక్యం నన్ను వదలడం లేదు. హంసల గుంపు మీదికి అతడు పది డేగలను వదలలేదట. తన వేళ్లనే జీవమున్న తీగెల మీద ఉంచితే, అవి తామే రాజుల కీర్తిని ‘రొకొతాహు’ అన్నాయట. ఈ క్రియకు తెలుగు మాట ‘మ్రోగినవి’యా, ‘ఘోషించినవి’యా?

ఒక సభ్యుడు: క్రియ సంగతి తరువాత చూద్దాం. డేగలు కావు, వేళ్లు అనడం మన అపహ్నుతి అలంకారమే.

మాస్టారు: కాదు నాయనా. అపహ్నుతిలో ప్రకృతాన్ని, అంటే చెప్పదలచిన వస్తువును, కాదని అప్రకృతాన్ని, అంటే పోలికగా తెచ్చిన దాన్ని, నిలుపుతాం. ఇక్కడ డేగలను కాదని వేళ్లను నిలిపాడు కనుక, విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో చెప్పిన నిశ్చయాలంకారం అవుతుంది. అయినా అసలు చిక్కు తీగెలకున్న ‘జివాయా’, అంటే ‘జీవమున్న’ అన్న విశేషణంలో ఉంది. అది మన ‘జీవ’ శబ్దానికి సోదరమే. పేగుతో పేనిన తీగెలు కనుక జీవమున్నవని అన్నాడని నా ఊహ.

వీణ నేర్పే సభ్యురాలు: మాస్టారూ, పేగైతే చచ్చిన జంతువుది కదండీ! తంబురా తీగె కింద మేము పెట్టే నూలుపోగు పేరు కూడా జీవే. అది రవ్వంత పక్కకు జరిగినా తీగె మూగబోతుంది. కుదిరిన చోట నిలిచిందా, మీటిన తరువాత చాలాసేపు తనంతట తానే పలుకుతున్నట్టు ఉంటుంది. గూస్లీకి ఆ పోగు ఉందని నేను అనడం లేదు గాని, ‘తామే’ అన్న మాటను చెవితో విన్నవాడే రాయగలడు.

మాస్టారు: బాగుందమ్మా. అయితే వేళ్లకున్న ‘వేష్చియా’ అన్న విశేషణాన్ని అందరమూ మరచిపోయాం. భవిష్యత్తు ఎరిగినవి అని దాని అర్థం. ఎరుక వేళ్లది, ప్రాణం తీగెలది అయినప్పుడు ఇక బొయాన్‌కు మిగిలిందేమిటి? ‘పలికెడిది భాగవతమట’ అన్న పోతన కూడా పలికించేవాడు వేరే ఉన్నాడని చెప్పి తాను తప్పుకొన్నాడు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు కన్ను చెమ్మగిల్లుతుంది.

మరొక సభ్యురాలు: పోతనకు రాముడున్నాడు, బొయాన్‌కు తీగెలే ఉన్నాయి; రెండూ ఒకటి కావేమో. నోవ్‌గరోద్‌లో దొరికిన 11వ శతాబ్దపు గూస్లీ మీద ‘స్లోవిషా’ అని చెక్కి ఉంది. యజమాని పేరని కొందరూ, నైటింగేల్ పిట్ట పేరునుంచి వచ్చిందని కొందరూ అంటారు. గాథలో బొయాన్‌ను కూడా పాతకాలపు నైటింగేల్ అనే పిలిచారు కనుక, నేను పిట్ట వైపే.

ప్రశ్న వేసినవారు: అయితే ‘రొకొతాహు’కు ‘కూసినవి’ అనవచ్చునా?

మాస్టారు: అనరాదు. ఆ క్రియలో గంభీరమైన మ్రోత ఉంది. అయితే ముందు ‘జివాయా’ సంగతి తేలాలి.