ఎర్రగడ్డ, ఉల్లిపాయ: పేరును బట్టి కుప్పలా, కుప్పను బట్టి పేరా?

మాది కావలి, మా ఆవిడది తెనాలి. ఆమె ఉల్లిపాయ, వెల్లుల్లిపాయ, బంగాళాదుంప అంటుంది. మేం ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ అంటాం. ఇన్నాళ్లూ ఇది మాటల తేడానే అనుకున్నా. మొన్న ఆదివారం కూరగాయల సంచి బోర్లించి, ఆరేళ్ల పాపను సర్దమన్నా. (మా అమ్మ దగ్గరే పెరుగుతోంది, దానికి మా మాటలే వచ్చాయి.) మూడు గడ్డల్నీ ఒకే కుప్ప పోసింది. అల్లాన్ని మాత్రం తీసుకుపోయి పచ్చిమిరపకాయల పక్కన పెట్టింది.

"అల్లం ఆడ పెట్టావేందమ్మా?"

"అల్లంగడ్డ అనం గదా నాయనా!"

వృక్షశాస్త్రం ఈ కుప్పను ఒప్పుకోదు. ఎర్రగడ్డ అంటే ఊరిన ఆకుల పొరలు. ఉర్లగడ్డ మట్టిలో ఊరిన కాండం. అల్లం కూడా కాండమే, అంటే ఊరిన భాగాన్ని బట్టి చూస్తే ఉర్లగడ్డకు ఎర్రగడ్డ కంటే అల్లమే దగ్గరి చుట్టం. మనసు మాత్రం చేతికి తగిలే రూపాన్నీ, నోట నలిగిన పేరునూ పట్టుకుని గంపలకెత్తుతుంది. గంపలో అన్నీ సమానమూ కావు. 1970ల్లో అమెరికాలో మనస్తత్వవేత్త ఎలినార్ రోష్ చూపింది ఇదే: పక్షి అనగానే అక్కడివాళ్లకు రాబిన్ పిట్ట ముందు మెదులుతుంది, పెంగ్విన్ ఎక్కడో చివర. మా ఇంట్లో గడ్డ అంటే ముందు ఎర్రగడ్డే.

మట్టిగడ్డ, మంచుగడ్డ, ఒంటిమీద లేచే గడ్డ, గడ్డకట్టిన నెయ్యి. అన్నిట్లోనూ ఒకచోట ముద్దగా చేరడం ఉంది. పాయ అలా కాదు. జడపాయ, నదీపాయ... విడివడినదాన్ని చెప్పే మాట. ఒకే దినుసును మేం ముద్దగా చూశాం, తెనాలివాళ్లు రెబ్బలుగా చూశారని నాకనిపిస్తుంది. మీరేమంటారు?

ఒంగోలు నుంచి జవాబు: వెల్లుల్లికి సరే అన్నా, ఉల్లి రెబ్బలుగా విడిపోదు కదా? దాన్ని చూసి దీన్నీ పాయ అన్నారేమో. ఇంకోటి, శనక్కాయనూ భూమిలోంచే పీకుతాం. దాన్నెందుకు గడ్డ అనలేదు?

నా జవాబు: ఉల్లి సంగతి నిజమే తమ్ముడూ, నా మాట వెల్లుల్లి వరకే నిలుస్తుంది. శనక్కాయ దగ్గర మాత్రం మన రైతుల చూపుకు దణ్ణం పెట్టాలి. పూత నేలపైనే పూస్తుంది. ఆ తర్వాత ఊడ దిగి, మట్టిలో కాయ ఊరుతుంది. పూతలోంచి వచ్చింది కాబట్టి కాయే! చేలో వంగి కలుపు తీసినవాళ్లకే తెలిసే సంగతి ఇది. ఇప్పుడే పాప చేతికి ఒకటిచ్చి చూశా. బెండకాయల పక్కన పెట్టింది.